దుర్గాబాయి తెరచిన బడులు

పాఠశాల యనగానే ఎవరికైనను ఒక కట్టడము, ఒక గంట, ఒక హాజరుపట్టీ స్ఫురించును. అయిదేండ్ల ప్రాయమున చేరి, ఏటికొక తరగతి చొప్పున పైకి పోగలిగిన బిడ్డకు అది చక్కని రాజమార్గము. కాని ఎనిమిదేండ్లకే పెండ్లి పీటలపై కూర్చుండిన బాలిక, ఇరువది యేండ్లకే వైధవ్యము పాలయిన యువతి, తండ్రి బదిలీ వలన భాష తెలియని నగరమునకు వచ్చిపడిన గుమాస్తా కుమారుడు ఆ మార్గమున నడువజాలరు. వారి కొరకు ఆ గంట మ్రోగదు. అట్టివారిని వెదకి, వారి వీలును బట్టి బడి పెట్టుటయే జీవితకార్యముగా చేసికొన్న తెలుగు మహిళ దుర్గాబాయి దేశముఖ్. రాజ్యాంగ సభ సభ్యురాలుగా, ప్రణాళికా సంఘ సభ్యురాలుగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలుగా లోకము ఆమెను ఎరుగును. ఆ పదవులకు ముందును, ఆ పదవుల తరువాతను ఆమె చేసిన పని మాత్రము ఒక్కటే. అది చదువు అందనివారికి చదువు అందించుట.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. విద్యావిషయమున ఆ పట్టణమునకు ఒక ఘనత కలదు. 1874లో సమీపమందలి ధవళేశ్వరమున బాలికల కొరకు పాఠశాల స్థాపించిన కందుకూరి వీరేశలింగము పంతులు తన జీవితమున పెద్దభాగమును అచ్చటనే గడపెను. ఆడపిల్లకు అక్షరము నేర్పుట పాపమని జనులు తలచిన కాలమున, సర్కారు పూనుకొనువరకు వేచియుండక, చందాలతోను, స్వార్జితముతోను బడి నడపవచ్చునని ఆయన చూపెను. 1919 మే 27న ఆయన కన్ను మూయునాటికి దుర్గాబాయికి పదియేండ్లు నిండవచ్చుచుండెను.

అయినను ఆ సంస్కారపు గాలి ఇంటింటికి సోకలేదు. దుర్గాబాయికి ఎనిమిదవ యేటనే వివాహము జరిగెను. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధమున తాను ఉండజాలనని ఆమె నిశ్చయించుకొనగా, తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఆ కాలమున ఒక తెలుగు గృహస్థు కుమార్తె విషయమున అట్టి నిర్ణయమును సమర్థించుటకు ఎంత ధైర్యము కావలెనో నేటివారు ఊహించుట కష్టము. తన బ్రతుకులో తగిలిన ఈ గాయమును ఆమె ఒకరిపై కోపముగా నిలుపుకొనలేదు. బాల్యవివాహము చేతను, అవిద్య చేతను దారి తప్పిన స్త్రీల బ్రతుకులను చక్కదిద్దుటకు అది ఆమెకు మొదటి పాఠమయ్యెను.

ఆమె స్వయముగా బడిని విడిచినదియు బాల్యముననే. పరభాషా మాధ్యమమున సాగు చదువు తనకు వలదని పండ్రెండవ యేట ఆమె పాఠశాల మానెను. అది సహాయ నిరాకరణోద్యమము దేశమంతట అలముకొన్న కాలము. 1906లో వంగదేశమున జాతీయ విద్యాపరిషత్తు ఏర్పడి సర్కారు చేతిక్రింద లేని విద్యకు పునాది వేసెను. 1910లో బందరున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషి వలన ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. 1922లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్త్రీల కొరకు శారదానికేతనమును నెలకొల్పిరి. ప్రభుత్వపు గ్రాంటుకు చేయి చాచకుండ, ప్రభుత్వపు కొలువు కొరకు మాత్రమే పిల్లలను తయారు చేయకుండ, మాతృభాషను, చేతిపనిని, దేశచరిత్రను ముందుంచుకొని నడచిన విద్యాలయములవి. దుర్గాబాయి చేసిన పనియు ఆ కోవలోనిదే. అయితే అవి పెద్దలు స్థాపించిన సంస్థలు. ఈమెది పరికిణీ కట్టిన బాలిక తెరచిన బడి.

హిందీ భాషను ఆమె చిన్ననాటనే నేర్చుకొని యుండెను. తనకు వచ్చినదానిని ఇతరులకు చెప్పవలెనని తోచి, కాకినాడలో బాలికలకును స్త్రీలకును హిందీ పాఠశాల ప్రారంభించెను. నేర్చుకొన వచ్చినవారిలో ఆమెకంటె వయస్సున పెద్దలైన గృహిణులు ఉండిరి. వంటపని ముగిసిన తరువాత దొరకు మధ్యాహ్నపు ఘడియలు తప్ప అట్టివారికి వేరు తీరిక యుండదు. గురువు చిన్నది, శిష్యులు పెద్దలు, వేళ వంటింటిని బట్టి. సర్కారు నిబంధనలు ఏవియు ఇట్టి బడిని బడిగా గుర్తింపవు. గాంధీ మహాత్ముడును, జమ్నాలాల్ బజాజ్ మున్నగు పెద్దలును ఆ పాఠశాలను చూచి, ఇంత చిన్న పిల్లయా ఉపాధ్యాయిని యని ఆశ్చర్యపడిరట. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆమెను స్వచ్ఛంద సేవికగా ఖద్దరు ప్రదర్శనపు ద్వారముకడ నిలిపిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆనతి. జవహర్లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ రాగా ఆమె ఆయనను సైతము ఆపివేసెను. నిర్వాహకులు వచ్చి కోపించినను చలింపక, టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే లోనికి విడిచెను. ఆ బాలిక కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకొనెను.

అంతకు రెండేండ్ల ముందు, 1921లో, మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పటి కథ ఇంకను లోతైనది. దేవదాసీ కులపు స్త్రీలును, ఘోషాలో నుండు ముస్లిము స్త్రీలును ఆయనను చూచి, ఆయన మాట వినవలెనని దుర్గాబాయి కోరెను. అయిదువేల రూపాయలు ప్రోగుచేసి ఇచ్చినచో మహాత్ముని కాలములో కొంత భాగము లభించునని పెద్దలు చెప్పిరి. బాలిక యిల్లిల్లు తిరిగి ఆ మొత్తమును కూడబెట్టెను. సభ జరిగెను. వచ్చిన స్త్రీలు తమ ఒంటిమీది నగలు తీసి యిచ్చిరి. ఆ నాటి ఉపన్యాసమును తెలుగున అనువదించినదియు ఆమెయే. ఊరిలో ఎవరును సభలకు పిలువని స్త్రీలను ఆమె పిలిచెను. సమాజము ద్వారము వెలుపల నిలిపినవారి వంకకు ఆమె చూపు మొదట మరలుట ఆ వయస్సుననే ఆరంభమయ్యెను.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. మదరాసులో సత్యాగ్రహమును నడపుటలో ముందు నిలిచినందున దుర్గాబాయి కారాగారము పాలయ్యెను. 1930 మొదలు 1933 వరకు మూడు మారులు ఆమెకు శిక్షపడెను. వేలూరు, మధుర జైళ్ళలో కాలము గడచెను. మధురలో ఏకాంతవాస శిక్ష ఆమె ఆరోగ్యమును క్రుంగదీసెను. అచ్చట హత్యానేరము మోపబడిన స్త్రీలను ఆమె చూచెను. చట్టము తెలియక, చేసిన పనికిని చేయని పనికిని భేదము చెప్పుకొనజాలక, వ్రేలిముద్ర వేసి శిక్షకు తల యొగ్గినవారు వారిలో కలరు. న్యాయశాస్త్రము చదివి ఇట్టివారి పక్షమున నిలువవలెనను సంకల్పము ఆమెకు ఆ గోడల నడుమనే కలిగెను.

ఇచ్చట అండమాను వాసులకు ఒక సంగతి జ్ఞాపకము రాక మానదు. ఆ 1933వ సంవత్సరముననే పోర్ట్ బ్లెయరు సెల్యులర్ జైలులోని రాజకీయ ఖైదీలు నిరాహారదీక్ష పూని, ముగ్గురు ప్రాణములు గోల్పోయిన తరువాత, పుస్తకములును, దీపములును, కలిసి చదువుకొను వీలును సంపాదించుకొనిరి. ఆ పిమ్మట ఆ జైలు గదులలో తెలిసినవారు తెలియనివారికి చెప్పు తరగతులు సాగినవి. మధుర జైలులోని ఆంధ్ర యువతికిని, సెల్యులర్ జైలులోని విప్లవవీరులకును పరిచయము లేదు. అయినను చదువు లేక స్వాతంత్ర్యము నిలువదని వారికి ఒకే యేట, ఒకే విధమున, ఇనుపకటకటాల వెనుక తెలియవచ్చెను.

జైలు విడిచి వచ్చునాటికి ఆమె వయస్సు ఇరువది నాలుగు. చేతిలో మెట్రిక్యులేషను పట్టము కూడ లేదు. న్యాయశాస్త్రము చదువవలెనన్న కోరికకును, ఆమె నిలిచియున్న చోటికిని నడుమ పది పదునైదేండ్ల పాఠశాల చదువు అడ్డముగా నుండెను. పదియేండ్ల పిల్లల సరసన ఆమె తరగతిలో కూర్చుండుట జరుగని పని. అప్పుడు బెనారసు హిందూ విశ్వవిద్యాలయము ఆమెకు దారి చూపెను. పండిత మదనమోహన మాలవీయ స్థాపించిన ఆ విద్యాపీఠమున ప్రైవేటుగా చదివి మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండు వీలు కలదు. ఇన్ని యేండ్లు ఏ బడిలో చదివితివని అది అడుగదు. పాఠము వచ్చునా రాదా యని మాత్రమే పరీక్షించును. దుర్గాబాయి ఆ పరీక్షలో నెగ్గెను. పిమ్మట ఇంటర్మీడియెటును ముగించెను. పరభాష వలదని బడి మానిన బాలికయే ఇప్పుడు ఆంగ్లమును పట్టుదలతో అభ్యసింపవలసివచ్చెను. ఇందు విరోధము లేకపోలేదు. కాని ఏ భాషయైనను తానై కోరి నేర్చుకొనుట వేరు, అది లేనిదే అక్షరమే దక్కదని శాసించుట వేరు. ఆమె రెండవదానిని ఎదిరించెను; మొదటిదానికి ఎన్నడును వెనుదీయలేదు.

తదుపరి మెట్టు ఆంధ్ర విశ్వవిద్యాలయము. రాజనీతిశాస్త్రమున ఆనర్సు చదువుటకు ఆమె వాల్తేరునకు పోయెను. అప్పటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి ఆమెను చేర్చుకొనుటకు ఒక చిక్కు చెప్పెను. విశ్వవిద్యాలయమున స్త్రీలకు వసతిగృహము లేదు. మరియొకరైనచో ఆ మాట విని ఊరికి మరలియుందురు. దుర్గాబాయి పత్రికలలో ఒక ప్రకటన వేయించెను. చదువవలెనని కోరికయుండియు వసతి లేక ఆగిపోయిన స్త్రీలు ఎవరైన నున్నచో తనకు వ్రాయవలసినదని ఆ ప్రకటన సారాంశము. సమాధానములు వచ్చెను. ఆ యువతులను కూడగట్టి ఆమె వసతిగృహము ఏర్పాటు చేయగా, చిక్కు తీరెను. తన యొక్కతె కొరకు మినహాయింపు నడిగియున్నచో బహుశః లభించియుండునేమో. అట్లు అడుగకపోవుట వలన ఆమె వెంట మరికొందరికి తలుపు తెరచుకొనెను. ఆనర్సు పరీక్షలో ఉన్నతశ్రేణిలో నెగ్గిన తరువాత ఆమె మదరాసులో న్యాయశాస్త్రమును ముగించి, 1940ల తొలినాళ్ళలో హైకోర్టులో న్యాయవాదిగా నిలిచెను.

ఈ చదువుల నడుమనే ఆమె జీవితమున ముఖ్యమైన సంస్థ పుట్టెను. 1937లో మదరాసు మైలాపూరు ప్రాంతపు తెలుగు బాలికలతో చిన్న బృందావన బాలికా సంఘము ఏర్పడెను. ఆటపాటలతో ఆరంభమైన ఆ కూటమియే ఆంధ్ర మహిళాసభగా వృద్ధిచెందెను. సభకు వచ్చు స్త్రీలలో బాలవితంతువులు, భర్తలు విడిచినవారు, సంసారభారముచే చదువు మధ్యలో మానినవారు పెక్కురు. వారికి బ్రతుకుతెరువు కావలెను. నర్సు శిక్షణమునకైనను, ఉపాధ్యాయ శిక్షణమునకైనను మెట్రిక్యులేషను ఉండవలెను. మెట్రిక్యులేషనుకు ఉన్నత పాఠశాల కావలెను. ఉన్నత పాఠశాలకు వయస్సు మించిపోయినది. ఈ వలయమును ఎక్కడనో ఒకచోట తెంపవలెను గదా! తాను నడచిన బాటనే దుర్గాబాయి వారికి చూపెను. సభలో తరగతులు పెట్టి, బెనారసు మెట్రిక్యులేషను పరీక్షకు వారిని సిద్ధపరచెను. ఏండ్ల తరబడి సాగవలసిన చదువును కుదించి, ప్రౌఢవయస్సు గల స్త్రీ తన లోకానుభవముతో శీఘ్రముగా గ్రహింపగలదను నమ్మకముతో ఆ తరగతులు నడచినవి. చదువు ప్రక్కనే కుట్టుపని, చేతిపనులు, వైద్యశుశ్రూష నేర్పు ఏర్పాట్లు వచ్చినవి. ఆంధ్ర మహిళ యను పత్రికను గూడ ఆమె నడపెను.

స్వతంత్ర విద్యాలయమన నేమి యను ప్రశ్నకు ఆంధ్ర మహిళాసభ ఒక జవాబు. జీతము హెచ్చుగా గైకొని, కలవారి బిడ్డలకు మాత్రమే ప్రవేశమిచ్చు బడికి ఆ పేరు సులభముగా చెల్లును. కాని పాఠశాలకు స్వాతంత్ర్యము ఎందులకు కావలెను? వయస్సు నియమమును సడలించుటకు, కాలమును మార్చుటకు, పాఠమును కుదించుటకు, బిడ్డను చంకనెత్తుకొని వచ్చిన తల్లిని వెనుకకు పంపకుండుటకు కావలెను. ప్రభుత్వపు బడి అందరికి ఒకే కొలత పెట్టక తప్పదు. లక్షలాది విద్యార్థులను నడపు యంత్రాంగమునకు ఒకే కొలత అవసరము. ఆ కొలతకు సరిపోనివారు ప్రతి ఊరిలోను మిగులుదురు. వారి వద్దకు పోగల చేవ చిన్న స్వచ్ఛంద సంస్థకు కలదు. అట్లు పోని యెడల దాని స్వాతంత్ర్యము అలంకారమే యగును.

1946లో దుర్గాబాయి మదరాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యెను. సభాధ్యక్షుల పట్టికలో చోటు దొరకిన మహిళ ఆమె యొక్కతెయే. భాషా విషయమున చర్చ వచ్చినప్పుడు ఆమె మాటకు ప్రత్యేకమైన బలముండెను. హిందీని దక్షిణదేశమున స్వచ్ఛందముగా బోధించినవారిలో ఆమె ఒకతె. ప్రేమతో నేర్చుకొన్న భాషను బలవంతముగా రుద్దబూనినచో, దానికొరకు పాటుపడిన దక్షిణాది వారి శ్రమయే వ్యర్థమగునని ఆమె సభకు తెలియజేసెను. కాకినాడ బడిలో గృహిణులు వచ్చి కూర్చుండినది ఎవరి శాసనము వలనను కాదని ఆమెకు తెలియును గదా.

అదే కాలమున ఢిల్లీలో మరియొక అవసరము ఆమె కంట బడెను. స్వాతంత్ర్యము వచ్చిన వెనుక కేంద్రప్రభుత్వ కార్యాలయములు విస్తరించినవి. మదరాసు రాష్ట్రము నుండి తెలుగు గుమాస్తాలు, సహాయకులు, లెక్కల శాఖవారు, తంతి తపాలా ఉద్యోగులు కుటుంబములతో రాజధానికి చేరిరి. తండ్రికి కార్యాలయము కలదు. తల్లికి ఇరుగు పొరుగున పలుకరించు తెలుగువారు కొందరు కలరు. బిడ్డకు మాత్రము తన భాషలో చదువు లేదు. ఊరిలో తాతగారి యింట విడిచి వచ్చుటయా, తెచ్చి తెలుగు మరపించుటయా యను సంకటమున ఎందరో తలిదండ్రులు పడిరి. 1948లో దుర్గాబాయి పూనికతో ఆంధ్ర విద్యాసంఘము ఢిల్లీలో వెలసెను. ఆ సంఘపు పాఠశాల చిన్నగా ఆరంభమై, కాలక్రమమున ఢిల్లీలో పలుచోట్ల శాఖలుగా విస్తరించినది. జనకపురి, ప్రసాదనగరు మొదలగు చోట్ల ఆంధ్రా స్కూలు అనగా నేటికిని ఢిల్లీ తెలుగువారికి తెలియనిది కాదు. బదిలీపై పోవు ఉద్యోగి తన సామానుతో పాటు తన భాషను గూడ కొనిపోవచ్చునని ఆ బడి నిరూపించెను. తెలుగు బిడ్డల కొరకు పుట్టిన ఆ బడులలో ఇతర భాషల పిల్లలును చేరి చదువుకొనిరి.

1952 ఎన్నికలలో దుర్గాబాయికి ఓటమి కలిగెను. పార్లమెంటులో స్థానము పోయినను పని పోలేదు. ప్రణాళికా సంఘమున ఆమెకు సభ్యత్వము లభించెను. 1953 జనవరి 22న అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ దేశముఖ్‌తో ఆమెకు వివాహము జరిగెను. నెహ్రూ ఆ పెండ్లికి సాక్షులలో ఒకడు. ఆ సంవత్సరము ఆగష్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమె దానికి తొలి అధ్యక్షురాలయ్యెను.

ఇచ్చటనే ఆమె జీవితమునందలి అత్యంత కఠినమైన పరీక్ష యున్నది. ఇంతవరకు ఆమె ప్రభుత్వము వెలుపల నిలిచి సంస్థలు నడపినది. ఇప్పుడు ప్రభుత్వము పక్షమున కూర్చుండి, దేశమందలి వేలకొలది స్వచ్ఛంద సంస్థలకు సహాయధనము పంచవలసినది. ధనము నిచ్చువాడు లెక్క అడుగును, అడుగవలెను. లెక్క అడుగువాడు క్రమముగా విధానమును గూడ నిర్ణయించును. అది సంస్థకు ఊపిరి యాడనీయదు. సంస్థకు ధనము నీయకున్నచో అది ఆకలితో మూతపడును. ఇచ్చినచో కార్యాలయమునకు మరియొక శాఖగా మారిపోవును. ఈ రెంటి నడుమ మండలిని నడపుట తాటిపై నడకవంటిది. సచివాలయముల ఫైళ్ళతో పరిచయము కలవారికి ఈ చిక్కును వివరింపనక్కరలేదు. దుర్గాబాయి ఎన్నుకొన్న ఏర్పాటు ఇది: మండలి ప్రభుత్వము చేత నియమింపబడినను, పనిని నడపువారిలో సాంఘికసేవలో పండినవారు ఉండవలెను, రాష్ట్రములలో సలహా మండలులు ఉండి స్థానికావసరములను చెప్పవలెను, సేవ చేయునది స్వచ్ఛంద సంస్థయే కావలెను. ఆ ఏర్పాటు ప్రతిచోట ఆశించినట్లు నడచినదని చెప్పలేము. సహాయధనము కొరకే పుట్టిన సంస్థలును కొన్ని యుండును. అయినను ఎన్నడును ఢిల్లీ ముఖము చూడని మారుమూల మహిళాసంఘములకు రాజధాని నుండి ఒక ఉత్తరము, ఒక మొత్తము అందుట ఆ మండలి వలన సాధ్యమయ్యెను.

మైలాపూరున పరీక్షించి చూచిన పద్ధతిని 1958లో మండలి దేశమునకంతటికి విస్తరింపజేసెను. చదువు మధ్యలో మానిన వయోజన స్త్రీల కొరకు సంక్షిప్త విద్యాక్రమము ఆ యేట ఆరంభమయ్యెను. కొన్ని యేండ్ల పాఠములను రెండేండ్లలో ముగించి, గుర్తింపు గల పరీక్షకు కూర్చుండబెట్టి, ఆ పిమ్మట గ్రామసేవికగా, నర్సుగా, ఉపాధ్యాయినిగా శిక్షణ పొందుటకు అర్హత కలిగించుట దాని ఉద్దేశము. ఒక యువతి తన కొరకు వెదకికొన్న ప్రక్కదారి ఇరువది యేండ్లలో భారతదేశపు పథకమయ్యెను. ఆ 1958లోనే స్త్రీవిద్యా జాతీయ సంఘమునకు ఆమె అధ్యక్షత వహించెను. 1959లో సమర్పింపబడిన ఆ సంఘపు నివేదిక, బాలుర విద్యకును బాలికల విద్యకును నడుమ గల అంతరమును పూడ్చుటను ప్రత్యేక సమస్యగా భావింపవలెనని ప్రభుత్వమునకు సూచించెను. దాని ఫలితముగా స్త్రీవిద్యకై జాతీయ మండలి యొకటి ఏర్పడెను.

పదవులు వచ్చినవి, పోయినవి. ఆంధ్ర మహిళాసభ మాత్రము ఆమెతోనే యుండెను. హైదరాబాదున దాని శాఖ వృద్ధినొంది, వైద్యశాలయు, విద్యాలయములును, అక్షరాస్యతా కేంద్రమును గల పెద్ద సంస్థయయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున స్త్రీల కళాశాల నడచెను. ఢిల్లీలో అంధుల సంక్షేమమునకును ఆమె పాటుపడెను. అక్షరాస్యతా వ్యాప్తికి 1971లో ఆమెకు నెహ్రూ పురస్కారము లభించెను; 1975లో పద్మవిభూషణ బిరుదము వచ్చెను. 1981 మే 9న ఆమె కాలధర్మము నొందెను. మరుసటి యేటనే భర్తయు పరమపదించెను. ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణము చెంత 2018లో తెరువబడిన మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టిరి. పుస్తకముల సంచులు భుజమున వేసికొన్న యువతీయువకులు దినదినము ఆ పేరు క్రింద రైలెక్కి తరగతులకు పోవుచున్నారు. బడికి పోవువారి దారిలో ఆమె పేరు నిలుచుట యుక్తముగానే యున్నది.

ఈ జీవితమును బతు బస్తీ తెలుగు కుటుంబములు చదువుకొనుటలో విశేషము కలదు. పోర్ట్ బ్లెయరు పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమను పేరు వచ్చినను, ఆ బస్తీలోని సంసారముల తీరు మారలేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి సముద్రము దాటి వచ్చినవారు కొందరు. కేంద్రప్రభుత్వ కొలువులో బదిలీపై వచ్చినవారు కొందరు. దీవుల పాఠశాలలు హిందీ, ఆంగ్లము, బెంగాలీ, తమిళములతో పాటు తెలుగు మాధ్యమమును గూడ ఎరుగును. అయినను వీధిలో హిందీ, తరగతిలో ఆంగ్లము, ఇంట తెలుగు వినుచు పెరుగు బిడ్డ, అమ్మమ్మకు ఒక ఉత్తరము వ్రాయమన్నచో కలము పట్టుకొని దిక్కులు చూచుట అరుదు కాదు. ఆ బిడ్డ తల్లి పెండ్లి కొరకు పదవ తరగతితో చదువు మానినదై యుండవచ్చును. ఇంట పనిచేయ వచ్చు స్త్రీ బ్యాంకు కాగితముపై వ్రేలిముద్ర వేయుచు నుండవచ్చును. వీరెవ్వరును హాజరుపట్టీలో కనబడరు.

ఇట్టివారి కొరకు దుర్గాబాయి తెరచిన మొదటి బడికి కట్టడము లేదు, గ్రాంటు లేదు, గురువునకు పట్టము లేదు. వచ్చిన భాష ఒకటి, వచ్చువారికి వీలైన వేళ ఒకటి ఉండెను. సాయంకాలము కార్యాలయములు మూసిన పిమ్మట, ఏ క్వార్టరు ముందుగదిలోనైనను చాప పరచి రెండు గంటలు దీపము వెలిగించుటకు అంతకు మించినది కావలసి యుండదు.